మాట తెలుగులో, చార్జిషీటు ఇంకో భాషలో

సరిహద్దు దాటి ఒడిశా వైపు ఉన్న ఒక ఫ్యాక్టరీ. రాత్రి పదింటికి షిఫ్టు దిగి గేటు వైపు వస్తున్న ఇరవై రెండేళ్ల కుర్రాడిని టైమ్ ఆఫీసు గుమస్తా పిలుస్తాడు. రెండు పేజీల కాగితం చేతికిచ్చి రిజిస్టరులో సంతకం పెట్టమంటాడు. కాగితం ఇంగ్లిషులో ఉంది, కింద ఒడియాలో నాలుగు లైన్లు. కుర్రాడిది పార్వతీపురం వైపు ఊరు. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఆ తర్వాత ఐటీఐ. బస్సు వెళ్లిపోతుందన్న కంగారులో సంతకం పెట్టేసి, కాగితం మడిచి జేబులో పెట్టుకుంటాడు. మర్నాడు సాయంత్రం ఎవరో చదివి చెబితే గానీ విషయం తెలియదు. మూడు రోజుల కిందట షిఫ్ట్ ఇన్‌చార్జితో జరిగిన మాటామాటా గురించే ఆ కాగితం. ఆరోపణ: పై అధికారిని బెదిరించడం, కావాలని మాట వినకపోవడం. డెబ్బై రెండు గంటల్లో సంజాయిషీ ఇవ్వాలి. అప్పటికే ఒక రోజు అయిపోయింది.

పేర్లూ ఊళ్లూ మారుతుంటాయి గానీ ఇలాంటి వ్యవహారం నడిచే తీరు మాత్రం ఇంచుమించు ఇదే. గొడవ నోటి మాటతో మొదలవుతుంది, కాగితం మీద తేలుతుంది. తెలుగు జిల్లాల్లో నోటికీ కాగితానికీ మధ్య దూరం కొంత తక్కువ. ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు మాత్రం మాట ఒక భాషలో పుట్టి, ఫిర్యాదు రెండో భాషలో రాసుకుని, చార్జిషీటు (ఆరోపణలతో యాజమాన్యం ఇచ్చే కాగితం) మూడో భాషలో టైపవుతుంది. ఒక్కో మెట్టు దిగేసరికి మాట బరువు మారిపోతుంది. ఇక్కడ ఉద్యోగంలో చేరే కుర్రవాళ్లు, అమ్మాయిలు అన్నింటికంటే ముందు అర్థం చేసుకోవాల్సింది ఈ సంగతే.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. అందుకే ఇప్పటికీ ఇళ్లలో, బజారులో తెలుగు వినిపిస్తుంది. జేకేపూర్ కాగితం మిల్లు, తేరుబలి ఫెర్రో అల్లాయ్స్, దొరగుడ అల్యూమినా రిఫైనరీ, దామన్‌జోడి నాల్కో, సునాబెడ హెచ్‌ఏఎల్ వంటివి చుట్టుపక్కల ఉండటంతో విజయనగరం, శ్రీకాకుళం, పార్వతీపురం వైపు నుంచి పనికోసం వచ్చేవాళ్లూ ఉన్నారు. దీంతో రెండు రకాల తెలుగు ఉద్యోగులు కనిపిస్తారు. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లు తెలుగు చక్కగా మాట్లాడతారు గానీ బడిలో ఒడియానే నేర్చుకున్నారు, తెలుగు చదవలేరు. ఇవతలి నుంచి వెళ్లినవాళ్లు తెలుగు చదువుతారు గానీ ఒడియా అక్షరం గుర్తుపట్టలేరు. చార్జిషీటు ఇంగ్లిషులో వస్తే ఇద్దరికీ కష్టమే.

గొడవ పుట్టే చోటు

షిఫ్టు ఫ్లోరు మీద పుట్టే గొడవల్లో చాలావాటికి పెద్ద కారణాలు ఉండవు. ఓటీ (అదనపు పని) గంటలు రాయలేదనో, సెలవు చీటీ చించేశాడనో, ముందు షిఫ్టువాడి తప్పు తమ మీద పడిందనో మొదలవుతాయి. అది సరిహద్దులో ముదరడానికి ఒక ప్రత్యేకమైన కారణం ఉంది: సంబోధన.

తెలుగులో నువ్వు, మీరు అని రెండు మెట్లే. ఒడియాలో మూడు: తు, తుమే, ఆపణ. రూమ్మేట్ల దగ్గర, టీ కొట్టు దగ్గర ఒడియా పట్టుకున్న కుర్రాడికి మొదట వంటపట్టేది ‘తు’నే. స్నేహితుల మధ్య అదే నడుస్తుంది. అదే నోటితో నలభై ఐదేళ్ల ఫోర్‌మన్‌ని ‘తు’ అన్నాడంటే, అందులో ఏ కోపమూ లేకపోయినా అవతలి మనిషికి చెంప మీద కొట్టినట్టే ఉంటుంది. పది మంది ఎదుట అంటే ఇక చెప్పక్కర్లేదు. కోపంలో ఉన్నప్పుడు రాని భాషలో మాట్లాడకుండా ఉండటం మంచిది. మాట్లాడక తప్పదంటే ‘ఆపణ’ అని, జవాబుకు ముందు ‘ఆగ్యా’ అని అనడం అలవాటు చేసుకుంటే సగం తగాదాలు అక్కడే చల్లారతాయి. చంద్రపూర్, గడ్చిరోలి వైపు వెళ్లిన తెలుగువాళ్లకు మరాఠీలోనూ ఇదే చిక్కు. అక్కడా తూ, తుమ్హీ, ఆపణ్ అని మూడు మెట్లున్నాయి.

రెండో చిక్కు ఇంకా ప్రమాదకరం. తెలుగు నుడికారంలో బెదిరింపులా వినిపించే మాటలు చాలా ఉన్నాయి. వాటిలో సగం బెదిరింపులు కావు. ‘చంపేస్తున్నావు గురూ’ అంటే విసుగు. ‘నీ సంగతి తర్వాత చూస్తా’ అంటే చాలాసార్లు అప్పటికి మాట తప్పించుకోవడమే. ‘చూసుకుందాం లే’ అంటే తర్వాత మాట్లాడుకుందాం అని కూడా. ఇవే మాటలు ఫిర్యాదులో ఒడియాలోకి, అక్కడి నుంచి చార్జిషీటులో ఇంగ్లిషులోకి వెళ్లేసరికి ‘చంపుతానని బెదిరించాడు’, ‘నీ అంతు చూస్తానని హెచ్చరించాడు’ అని తేలతాయి. షిఫ్టు వాట్సాప్ గ్రూపులో పెట్టిన వాయిస్ మెసేజీ అయితే మరీ కష్టం. అది చెరిగిపోదు, దాన్ని ఎవరు ఎలా అనువదిస్తారో చెప్పలేం. డ్యూటీ గొడవల గురించి గ్రూపులో వాయిస్ పెట్టకూడదు. రాయాలనుకుంటే హుందాగా, తేదీతో, పని గురించి మాత్రమే రాయాలి.

ఏదైనా మాటామాటా జరిగితే ఆ రాత్రే ఒక నోట్‌బుక్కులో నాలుగు లైన్లు రాసుకోవడం పెద్ద పని కాదు. ఎన్నింటికి, ఎక్కడ, పక్కన ఎవరున్నారు, అవతలివాళ్లు ఏ భాషలో ఏమన్నారు, తను ఏమన్నాడు. అన్న మాటలు అన్న భాషలోనే, మార్చకుండా రాసుకోవాలి. మూడు వారాల తర్వాత ఎంక్వైరీలో కూర్చున్నప్పుడు మిగతావాళ్ల జ్ఞాపకాలు తలో రకంగా ఉంటాయి. ఈ నాలుగు లైన్లు మాత్రం మారవు.

మొదటి కాగితం

కొత్తగా చేరినవాళ్లు చేసే అతి పెద్ద పొరపాటు, చిన్న కాగితాన్ని పట్టించుకోకపోవడం. ‘వార్నింగ్ లెటరే కదా, ఏమవుతుంది’ అని పడేస్తారు. స్టాండింగ్ ఆర్డర్ల (సంస్థ రాసిపెట్టుకున్న ఉద్యోగ నియమాల) ప్రకారం శిక్ష నిర్ణయించేటప్పుడు తప్పు ఎంత తీవ్రమైనదో చూస్తారు, దాంతోపాటు ఉద్యోగి పాత రికార్డునూ చూస్తారు. జవాబివ్వని వార్నింగ్ లెటరు ఒప్పుకున్న తప్పుగా ఫైలులో పడి ఉంటుంది. ఏడాది తర్వాత అసలు గొడవ వచ్చినప్పుడు ఆ కాగితమే ముందు బయటికొస్తుంది. అందుకే మొదటి వార్నింగుకు కూడా మర్యాదగా, రెండు మూడు వాక్యాల్లో జవాబు రాసి, ప్రతి మీద అందినట్టు ముద్ర వేయించుకోవాలి. ముద్ర వేయడానికి ఒప్పుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి.

కాగితం తీసుకోవాలా వద్దా అన్న సందేహం చాలామందికి ఉంటుంది. తీసుకోకపోతే చర్య ఆగుతుందని ఒక నమ్మకం. ఆగదు. ఇద్దరు సాక్షుల ఎదుట ‘తీసుకోవడానికి నిరాకరించాడు’ అని రాసుకుని, నోటీసు బోర్డు మీద అంటించి, ఇంటికి పోస్టులో పంపి ఎంక్వైరీ మొదలుపెడతారు. అదీగాక, నిరాకరించడమే ఇంకో ఆరోపణ అయి కూర్చుంటుంది. కాగితం తీసుకోవాలి. సంతకం దగ్గర మాత్రం ఆగి, తెలిసిన భాషలో, తెలుగైనా సరే, ‘ప్రతి అందుకున్నాను, ఇందులోని విషయం నాకు ఇంకా తెలియదు’ అని రాసి, తేదీ, టైము వేసి సంతకం చేయాలి. అందుకోవడం వేరు, ఒప్పుకోవడం వేరు. ఆ ఒక్క లైను ఈ రెంటినీ విడదీస్తుంది.

తర్వాత చేయాల్సింది గడువు అడగడం. తక్కువ గడువుతో వచ్చిన షోకాజ్‌కు, అంటే సంజాయిషీ అడిగే నోటీసుకు, ‘నాకు ఈ భాష చదవడం రాదు, చదివించుకోవడానికి వారం గడువు ఇవ్వండి, ఫిర్యాదు కాపీ, నా మీద ఆధారపడుతున్న ఇతర కాగితాల కాపీలు ఇప్పించండి’ అని అదే రోజు రాసివ్వవచ్చు. గడువు పూర్తయ్యాక అడిగితే బతిమాలుకోవడంలా ఉంటుంది. ముందే అడిగితే అది హక్కుగా రికార్డులో ఉంటుంది.

సంజాయిషీ ఎలా ఉండాలో మొదట చెప్పిన కుర్రాడి సంగతిలోనే చూద్దాం. పక్కనున్నవాళ్లు చెప్పినట్టు రాస్తే రెండు రకాలుగా వస్తుంది. ఒకటి, ‘నాకేమీ తెలియదు, అంతా అబద్ధం’. రెండోది, ‘తప్పయిపోయింది, క్షమించండి, మళ్లీ చేయను’. మొదటిదాన్ని ఒక్క సాక్షి వచ్చి పడగొట్టేస్తాడు. రెండోది ఎంక్వైరీ అవసరం లేకుండానే శిక్ష వేయడానికి పనికొస్తుంది. జరిగింది జరిగినట్టు రాస్తే ఇలా ఉంటుంది: ‘14వ తేదీ రాత్రి 9.40కి పంపు దగ్గర నాకూ ఇన్‌చార్జి గారికీ ఓటీ విషయంలో మాట పెరిగింది. నేను గట్టిగా మాట్లాడిన మాట నిజం. అందుకు విచారిస్తున్నాను. నేను తెలుగులో అన్న మాట “చూసుకుందాం లే”. తర్వాత మాట్లాడదాం అన్న ఉద్దేశంతో అన్నాను. బెదిరించలేదు. చెప్పిన పని ఆపలేదు, షిఫ్టు చివరి దాకా చేశాను. లాగ్ షీటు చూడగలరు. అక్కడ ఉన్న ఇద్దరు హెల్పర్లను అడగగలరు.’ ఇందులో తప్పు ఎంతవరకో అంతవరకే ఒప్పుకోవడం ఉంది. ఆరోపణలో ఉన్న రెండు అంశాలకూ విడివిడిగా జవాబు ఉంది, సాక్ష్యం ఎక్కడ దొరుకుతుందో కూడా ఉంది. బెదిరించి ఉంటే మాత్రం ఇలా రాయకూడదు. అబద్ధపు సంజాయిషీ అసలు తప్పుకంటే ఎక్కువ నష్టం చేస్తుంది.

ఇంకో మాట. కొన్నిచోట్ల సూపర్‌వైజరే కాగితం, పెన్నూ ఇచ్చి, ‘నేను చెప్పింది రాసి సంతకం పెట్టు, ఇక్కడితో అయిపోతుంది’ అంటాడు. ఆ మనిషి మంచి ఉద్దేశంతోనే అనవచ్చు. అయినా ఒకరు చెబుతుంటే రాసిన క్షమాపణ నేరం ఒప్పుకున్నట్టే లెక్క. అందులోని మాటలు తనవి కావని తర్వాత ఎంత మొత్తుకున్నా వినడం కష్టం. క్షమాపణ చెప్పాలనిపిస్తే చెప్పాలి. సొంత మాటల్లో, ఆ ఒక్క పని గురించే చెప్పాలి.

కనుమ సెలవు

సరిహద్దు ఉద్యోగాల్లో ఏటా వచ్చే తగాదా సంక్రాంతిది. తెలుగింట్లో పండగంటే భోగి, సంక్రాంతి, కనుమ. అవతల సెలవుల జాబితాలో మకర సంక్రాంతి ఒక్క రోజే ఉంటుంది. రెండు రోజులు చెప్పి వెళ్లినవాడు, ఊళ్లో తీర్థం చూసి, రైలు దొరక్క వారం తర్వాత వస్తాడు. కార్డు పంచ్ కాదు. ‘చెప్పకుండా ఉద్యోగం వదిలేశావు, పేరు తీసేశాం’ అంటారు.

ఇక్కడ చట్టం చాలా స్పష్టంగా ఉంది. ఇన్ని రోజులు రాకపోతే ఉద్యోగం దానంతట అదే పోతుందని స్టాండింగ్ ఆర్డర్లలో రాసుకున్నా సరే, ఉద్యోగి చెప్పేది వినకుండా, ఎంక్వైరీ లేకుండా తీసేయడం చెల్లదని సుప్రీంకోర్టు 1993లో తీర్పు ఇచ్చింది. ఆ కేసులో ఎనిమిది రోజులు మించి రాలేదన్న కారణంతో తీసేసిన కార్మికుడిని సగం పాత జీతంతో సహా మళ్లీ పనిలోకి తీసుకోమంది. గైర్హాజరు కావాలని చేసిందని తేలితేనే దుష్ప్రవర్తన అవుతుందని 2012లో ఇంకో తీర్పులో చెప్పింది. కాబట్టి కారణం చూపించగలగాలి. జ్వరమైతే డాక్టరు చీటీ, రైలు రద్దయితే టికెట్టు, ఇంట్లో చావైతే ఆ కబురు పంపిన మెసేజీ. వెళ్లేటప్పుడు నోటితో అడిగిన సెలవుకు రుజువు ఉండదు. ఫోనులో అడిగినా, తర్వాత ‘ఉదయం అడిగినట్టు 16, 17 తేదీలు సెలవు’ అని ఒక మెసేజీ పెడితే చాలు. ఇలా చేసేవాళ్లు తక్కువ. చేసినవాళ్ల ఉద్యోగాలు నిలబడ్డాయి.

సస్పెన్షన్, ఎంక్వైరీ

సస్పెండ్ చేశారంటే ఉద్యోగం పోయిందనుకుని మర్నాడే రైలెక్కి ఊరికి వెళ్లిపోయేవాళ్లున్నారు. ఎంక్వైరీ జరిగేదాకా పక్కన పెట్టడం శిక్ష కాదు. ఆ రోజులకు జీవనాధార భత్యం ఇవ్వాలి. మొదటి 90 రోజులకు జీతంలో సగం. ఆ తర్వాత ఉద్యోగి వల్ల కాకుండా ఎంక్వైరీ ఆలస్యమైతే ముప్పావు వంతు. నెలకు 14,000 వచ్చేవాడికి మొదటి మూడు నెలలు నెలకు 7,000, తర్వాత 10,500. భత్యం ఆపేసి, మనిషిని ఊరికి తరిమి, ఎంక్వైరీకి రాలేదని ఏకపక్షంగా ముగించడం అన్యాయమని 1999లో సుప్రీంకోర్టు చెప్పింది. అది కోలార్ బంగారు గనుల ఉద్యోగి కేసు.

2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ 2020 వచ్చింది. పాత చట్టం ప్రకారం వంద మంది ఉన్న సంస్థలకు స్టాండింగ్ ఆర్డర్లు తప్పనిసరి. కొత్త కోడ్‌లో ఆ సంఖ్య మూడు వందలు. సస్పెండ్ చేస్తే ఎంక్వైరీ మామూలుగా 90 రోజుల్లో ముగించాలని కోడ్ అంటోంది. ఇరవై మంది, అంతకు మించి ఉన్నచోట యాజమాన్యం, కార్మికులు సమానంగా ఉండే గ్రీవెన్స్ కమిటీ ఉండాలి. గొడవ చార్జిషీటు దాకా పోకముందే దాని ముందు పెట్టుకోవచ్చు. అది 30 రోజుల్లో తేల్చాలి. మూడు వందల లోపు సంస్థల్లో స్టాండింగ్ ఆర్డర్ల రక్షణ తగ్గిపోవడం చిన్న పట్టణాల కుర్రవాళ్లకు నిజంగా నష్టమే. అక్కడ అపాయింట్‌మెంట్ లెటరులో ఏం రాసి ఉందో అదే ఆధారం. ప్రతి ఉద్యోగికీ ఆ లెటరు ఇవ్వాలని మరో కోడ్ చెబుతోంది. చేరిన వారంలోనే అడిగి తీసుకోవాలి.

ఎంక్వైరీ గదిలో ఏం జరగాలో 1963లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. ఆరోపణ స్పష్టంగా చెప్పాలి. సాక్షులను ఉద్యోగి ఎదుటే విచారించాలి. వాళ్లను ప్రశ్నించే అవకాశం ఇవ్వాలి. తన తరఫు సాక్షులను తెచ్చుకోనివ్వాలి. చివరికి కారణాలతో నివేదిక రాయాలి. చార్జిషీటు అందగానే ముందు ఉద్యోగినే నిలబెట్టి ‘చేశావా లేదా’ అని గుచ్చిగుచ్చి అడగడం పద్ధతి కాదు. ముందు యాజమాన్యం తన సాక్ష్యం చూపాలి.

ఈ ప్రాంతానికి అసలు సమస్య ఇక్కడుంది. పాత చట్టం కింద కేంద్రం తయారుచేసిన నమూనా స్టాండింగ్ ఆర్డర్లలో, ఎంక్వైరీ రికార్డు హిందీ, ఇంగ్లిషు, ఆ రాష్ట్ర భాష, ఈ మూడింటిలో కార్మికుడు కోరుకున్న దాంట్లో రాయాలని ఉంది. అంటే రాయగడలో ఒడియా, బల్లార్‌పూర్‌లో మరాఠీ. తెలుగు ఆ వరసలో లేదు. కోరుకునే హక్కు ఉందని తెలియక ఏ భాషలో మొదలుపెడితే దానికే తలూపేస్తారు. ఇక్కడే చదువుకున్నవాళ్లు ఒడియా అడగడం మేలు. ఇవతలి నుంచి వెళ్లినవాళ్లకు స్కూల్లో చదివిన హిందీ గుర్తుంటే ఇంగ్లిషు కన్నా అదే నయం, కనీసం కూడబలుక్కుని చదువుకోవచ్చు. ఏదైనా మొదటి సిట్టింగుకు ముందే రాసివ్వాలి. ‘నేను తెలుగులోనే చెప్పగలను, దుబాసీని ఏర్పాటు చేయండి, నేనన్న తెలుగు మాటలను తెలుగులోనే రికార్డు చేసి పక్కన అర్థం రాయండి’ అని కూడా అడగాలి. నిరాకరిస్తే ఆ నిరాకరణ కూడా రికార్డులోకి ఎక్కాలి. తన మాట తనకు అర్థం కాని ఎంక్వైరీ న్యాయంగా జరిగిందా అన్న ప్రశ్న రేపు పైకోర్టులో వేయాలంటే, ఈ రోజు అడిగినట్టు కాగితం ఉండాలి.

యూనియన్ సభ్యుడైతే యూనియన్ నాయకుడిని వెంట తెచ్చుకోవచ్చు. సహోద్యోగిని తెచ్చుకోనిచ్చే సంస్థలూ ఉన్నాయి. రెండు భాషలూ వచ్చి, కోపం రాని మనిషి అయితే మంచిది. లాయరును తెచ్చుకోవడం మామూలుగా హక్కు కాదు. అయితే యాజమాన్యం తరఫున చట్టం చదివిన మనిషి కూర్చుంటే ఉద్యోగికీ ఆ అవకాశం ఇవ్వాలని 1983లో బొంబాయి పోర్టు కేసులో తేలింది.

గదిలో కూర్చున్నాక కళ్లెదుట జరిగేది ఇది. ఉద్యోగి చెప్పినదాన్ని ఎంక్వైరీ ఆఫీసరు తన మాటల్లోకి మార్చి టైపిస్టుకు చెబుతాడు. ‘ఆయన ముందు నన్ను తోశాడు, అప్పుడు నేను చెయ్యి అడ్డం పెట్టాను’ అని చెబితే, ‘ఇద్దరి మధ్య తోపులాట జరిగిందని ఒప్పుకున్నాడు’ అని టైపవుతుంది. కావాలని చేయకపోవచ్చు, తొందరలో అలా అవుతుంది. ప్రతి పేజీ చివర సంతకం అడుగుతారు. టీ తాగి సంతకం పెట్టేద్దాం అనిపిస్తుంది. చదివించుకోకుండా పెట్టకూడదు. తేడా ఉంటే అక్కడే చేత్తో ‘నేను చెప్పింది ఇలా కాదు’ అని రాసి సంతకం పెట్టాలి. ప్రతి రోజు రికార్డు కాపీ ఆ రోజే తీసుకోవాలి. టెన్షన్‌తో చేతులు వణికినా సరే, ఈ పని మాత్రం వదలకూడదు. రేపు లేబర్ ఆఫీసరు గానీ, కార్మిక తగాదాలు తేల్చే ట్రిబ్యునల్ గానీ చూసేది ఈ పేజీలనే.

నివేదిక వచ్చాక నేరుగా డిస్మిస్ చేసేస్తే అది కూడా తప్పే. ఎంక్వైరీ నివేదిక కాపీ ఉద్యోగికి ఇచ్చి, దాని మీద చెప్పుకోనిచ్చిన తర్వాతే శిక్ష వేయాలని 1993లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అది మన హైదరాబాద్ ఈసీఐఎల్ ఉద్యోగి కేసే.

గేట్ పాస్ ఆపేస్తే

ఇంతదాకా చెప్పిందంతా పేరోల్ మీద ఉన్నవాళ్ల సంగతి. సరిహద్దు కుర్రవాళ్లలో కాంట్రాక్టరు కింద చేసేవాళ్లు తక్కువేం కాదు. వాళ్లకు చార్జిషీటు రాదు, సస్పెన్షన్ ఉండదు. పొద్దున గేటు దగ్గర సెక్యూరిటీ పాస్ చూసి ‘బ్లాక్ అయింది, కాంట్రాక్టరుని అడుగు’ అంటాడు. కాంట్రాక్టరు ‘కంపెనీవాళ్లు వద్దన్నారు’ అంటాడు. కంపెనీ ‘వాడు మా మనిషి కాదు’ అంటుంది. కాగితం లేని డిస్మిసల్ అన్నమాట. అన్నిట్లోకీ క్రూరమైనది ఇదే, ఎందుకంటే జవాబు రాయడానికి ఎదురుగా ఏ కాగితమూ లేదు.

అప్పుడు కాగితం తనే పుట్టించాలి. ఆ రోజే కాంట్రాక్టరుకు, కాపీ కంపెనీ హెచ్‌ఆర్‌కు రాయాలి: ‘ఫలానా తేదీన పనికి వచ్చాను, గేటులోకి రానివ్వలేదు, నేను పని చేయడానికి సిద్ధంగా ఉన్నాను, కారణం రాతపూర్వకంగా చెప్పండి.’ స్పీడ్ పోస్టులో పంపాలి. లేకపోతే నెల తిరిగేసరికి ‘వాడే రావడం మానేశాడు’ అన్న కథ తయారవుతుంది. ఎవరి కింద పని చేశాడో రుజువు కావాలంటే పీఎఫ్ పాస్‌బుక్కులో చూడవచ్చు. యూఏఎన్ అనే పీఎఫ్ నంబరుతో తెరిస్తే డబ్బు కట్టిన సంస్థ పేరు, నెలలు ఉంటాయి. జీతం బకాయి ఉంటే, కాంట్రాక్టరు ఇవ్వకపోయినా అసలు కంపెనీ కట్టాల్సిందే. తీసేసినా, తనే మానేసినా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలని వేతనాల కోడ్ చెబుతోంది. ఫైన్ల పేరుతో మేస్త్రీ ఇష్టం వచ్చినట్టు కోయడానికీ వీల్లేదు. ఫైన్ ఆ నెల జీతంలో మూడు శాతం దాటకూడదు, 14,000కి 420 రూపాయలు. అది కూడా సంజాయిషీ అడిగాకే.

అప్రెంటిస్‌ల సంగతి వేరు. 1961 అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం వాళ్లు శిక్షణలో ఉన్నవాళ్లు, కార్మికులు కారు. తగాదా వస్తే అప్రెంటిస్‌షిప్ అడ్వైజరు దగ్గరికి వెళ్లాలి.

అమ్మాయిల విషయంలో ఒక జాగ్రత్త. లైంగిక వేధింపును ‘సూపర్‌వైజరుతో పడటం లేదు’ అన్న మామూలు గొడవగా రాసివ్వకూడదు. పది మంది, అంతకు మించి ఉన్న ప్రతిచోటా ఇంటర్నల్ కమిటీ ఉండాలి, ఫిర్యాదు మూడు నెలల్లో ఇవ్వాలి. పది మంది లోపు దుకాణం, క్లినిక్ అయితే జిల్లాలో ఉండే లోకల్ కమిటీకి ఇవ్వవచ్చు.

‘రాజీనామా రాసిచ్చేయ్’

ఏ దశలోనైనా ఈ మాట రావచ్చు: ‘డిస్మిస్ అయితే రికార్డు పాడవుతుంది. రాజీనామా రాసిచ్చేయ్, మంచి సర్టిఫికెట్ ఇస్తాం.’ ఇరవై మూడేళ్ల వయసులో ఇది దయలా కనిపిస్తుంది. కొన్నిసార్లు నిజంగానే మంచి దారి కూడా. తప్పు పెద్దదై, సాక్ష్యం గట్టిగా ఉండి, ఇంకోచోట పని దొరికే అవకాశం ఉంటే వదులుకోవడమే మేలు. అయితే రాజీనామాతో తీసివేత మీద పోరాడే హక్కు చాలావరకు పోతుందన్న సంగతి తెలిసే ఆ సంతకం పెట్టాలి. ఆ గదిలో, ఆ క్షణంలో పెట్టనే కూడదు. ‘ఇంట్లో మాట్లాడి రేపు చెబుతాను’ అనడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. బలవంతంగా రాయించుకున్నారనుకుంటే, మర్నాడే ‘ఒత్తిడి వల్ల రాశాను, వెనక్కి తీసుకుంటున్నాను’ అని స్పీడ్ పోస్టులో పంపాలి. రాజీనామా ఆమోదం పొంది అమల్లోకి రాకముందు వెనక్కి తీసుకోవచ్చు. ఆలస్యమైన ప్రతి రోజూ ఆ దారి ఇరుకవుతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసులో పెట్టుకుని ఇవ్వనివాళ్లు రాజీనామా వేళ వాటినే అడ్డం పెడతారు. చేరేటప్పుడే జిరాక్సులు ఇచ్చి, ఒరిజినల్స్ చూపించి తెచ్చేసుకోవడం దీనికి మందు.

ఎక్కడికి వెళ్లాలి

తీసేశాక చాలామంది ఇంటికొచ్చి పార్వతీపురంలోనో శ్రీకాకుళంలోనో లేబర్ ఆఫీసుకు వెళతారు. భాష తెలుస్తుంది, తెలిసినవాళ్లు ఉంటారు. కానీ పని జరిగింది ఒడిశాలో కాబట్టి అధికారం అక్కడి జిల్లా లేబర్ ఆఫీసరుది. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ, గని అయితే కేంద్ర లేబర్ కమిషనర్ యంత్రాంగానిది. ఈ తేడా తెలియక తిరగడంలోనే నెలలు గడిచిపోతాయి. తగాదా మొదలైన రెండేళ్ల లోపు రాజీ అధికారి ముందు పెట్టాలి. అక్కడ రాజీ కుదరకపోతే, ఆయన నివేదిక అందిన 90 రోజుల్లో ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. శిక్ష తప్పుకు మించి ఉందనిపిస్తే తగ్గించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. సూపర్‌వైజరుగా చేస్తూ నెలకు 18,000 దాటి తీసుకునేవాళ్లు, మేనేజరు హోదాలో ఉన్నవాళ్లు మాత్రం ఈ దారిలో రాలేరు, వాళ్లది సివిల్ కోర్టు దారి. జీతం పెంచి ‘సూపర్‌వైజర్’ అని పేరు పెట్టినప్పుడు సంతోషించే ముందు చేసే పని నిజంగా ఏమిటో చూసుకోవాలి. చట్టం చూసేది పేరును కాదు, పనిని.

డబ్బు లేదని ఆగాల్సిన పని లేదు. 1987 న్యాయ సేవల చట్టం ఉచిత లాయరుకు అర్హుల్లో స్త్రీలు, ఎస్సీ, ఎస్టీలతో పాటు పారిశ్రామిక కార్మికులను కూడా చేర్చింది. వాళ్లకు ఆదాయ పరిమితి లేదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం సాధారణంగా జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది, ఫోనులో అయితే 15100. వెళ్లేటప్పుడు పట్టుకెళ్లాల్సినవి అపాయింట్‌మెంట్ లెటరు, పీఎఫ్ పాస్‌బుక్కు ప్రింటు, చార్జిషీటు, సంజాయిషీ కాపీ, స్పీడ్ పోస్టు రసీదులు, గొడవ జరిగిన రాత్రి రాసుకున్న నోట్‌బుక్కు. ఒడియా కాగితాలకు తెలుగులో అర్థం రాయించుకుని వెంట ఉంచుకుంటే, లాయరు అడిగే ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పవచ్చు.